నిద్రసారా

హెప్సిబాను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కోతలమ్మ అనేవాళ్ళు. కుళ్ళిన వేలు, చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చిన కాలు, లోపల చీము పట్టిన గడ్డ, ఏదైనా సరే మనిషిని ఎడ్లబండి మీద వేసుకుని చర్చిగూడెం తీసుకొచ్చేవాళ్ళు. అశ్వారావుపేట నుంచి కొత్తగూడెం వెళ్ళే పాత రోడ్డు పక్కన, అడవిలో కలిసిపోయిన పామాయిల్ తోటల అంచున ఉండేది ఆ ఊరు. రోడ్డని పేరే గాని, దాని నడుమ టేకుచెట్లు మొలిచి మానులయ్యాయి. కరెంటు కాలం ముగిసి పది తరాలైందని కొందరు, పదిహేను తరాలైందని కొందరు చెప్పేవాళ్ళు. పెద్ద జ్వరాలొచ్చి పట్నాలు ఖాళీ అయినప్పుడు లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.

కరెంటు కాలం గురించి అందరికీ తెలిసిన కథలు కొన్ని ఉండేవి. మనుషులు ఆకాశంలో తిరిగేవాళ్ళని ఒకటి. ఖమ్మంలో ఉన్నవాడు భద్రాచలంలో ఉన్నవాడితో ఇంట్లో కూర్చునే మాట్లాడేవాడని ఒకటి. దవాఖానాలో కోసేముందు ఏదో మందిచ్చి నిద్రపుచ్చేవాళ్ళని, లేచి చూసుకునేసరికి కోత అయిపోయి కట్టు కట్టి ఉండేదని ఇంకొకటి. మొదటి రెండూ పిల్లలు అడిగి చెప్పించుకునేవాళ్ళు. మూడోది హెప్సిబా ఇంటి ముందు బండి ఆగినప్పుడల్లా పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ మందు ఏమిటో ఏ కథలోనూ లేదు.

ఉన్నదల్లా ఇప్పసారా, ఉమ్మెత్త గింజలు, గట్టిగా పట్టుకోవడానికి నలుగురు మగవాళ్ళు. సారా ఎంత తాగించినా కత్తి పడగానే మత్తు దిగిపోతుంది. ఉమ్మెత్త ఎక్కువైతే మనిషే పోతాడు. అందుకని పట్టుకోవడం ఒక్కటే నమ్మదగిన పని. బయట చర్చి పెద్ద యేసుదానం జనాన్ని కూడగట్టి డప్పు మీద పాట ఎత్తుకునేవాడు. దేవుడి సాయం కోసమని పేరు. అసలు సంగతి, లోపలి అరుపులు పిల్లల చెవిన పడకూడదని.

ఈ పని హెప్సిబాకు అత్త నేర్పింది. "చెవులు మూసుకో, చెయ్యి ఆపకు. చెయ్యి ఎంత జల్దీ ఆడితే మనిషి అంత బతుకుతడు" అనేది ఆమె. హెప్సిబా చెయ్యి అత్త చెయ్యికన్నా వేగంగా ఆడేది.

ఆ అత్త కొడుకే జోయెల్, హెప్సిబా భర్త. కొత్తగూడెంలో పాత బొగ్గు గనుల చోట మట్టిలో కూరుకుపోయిన ఇనుము తవ్వి కమ్మరోళ్ళకు చేర్చేవాడు. ఒక ఎండాకాలం దూలం జారి అతని కాలి మీద, మోకాలికి కింద పడింది. ఇంటికి తెచ్చేసరికి పాదం నల్లబడింది. కాలు తియ్యకపోతే విషం పైకెక్కుతుంది. అత్త అప్పటికే చనిపోయింది. తియ్యడానికి హెప్సిబా తప్ప ఎవరూ లేరు.

నలుగురు పట్టుకున్నారు. బయట పాట మొదలైంది. జోయెల్ అరవలేదు. అరవకూడదని ముందే అనుకున్నాడు కాబోలు. ఎముక దగ్గరికి వచ్చాక మాత్రం ఆమె ముఖంలోకి చూసి, "చాలు హెప్సీ, ఇగ చాలు" అన్నాడు. నడుమ ఆపితే రక్తం పోయి చస్తాడు. ఆమె ఆపలేదు. కాలు తీసింది, నరాలు దారంతో ముడేసింది, కట్టు కట్టింది. అప్పుడు తల ఎత్తి చూస్తే అతను లేడు. ఎప్పుడు పోయాడో పట్టుకున్నవాళ్ళకు కూడా తెలియలేదు. రక్తం అంతగా పోలేదు. నొప్పికే ప్రాణం పోయింది.

జోయెల్ చెల్లెలు సంపూర్ణ గుండెలు బాదుకుని ఏడ్చింది. హెప్సిబా ఏడవలేదు. రెండు రోజులు పోయాక బండి మీద ఎవరినో తెస్తే లేచి కత్తులు కడుక్కుంది. గుండె రాయి చేసుకుందని ఊళ్ళో అన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. లోపల ఏదో ఆగిపోయింది, అంతే. సంపూర్ణ వచ్చి వదిన దగ్గరే ఉండిపోయింది. కంచం ముందు పెడితే వదిన తినేది. పెట్టకపోతే అడిగేది కాదు. కూరలో ఉప్పు మరిచిపోయానని సంపూర్ణకే మధ్యలో గుర్తొచ్చి లేచేది.

అలా ఏళ్ళు గడిచాయి.

ఒక వానాకాలం ముందు, బొగ్గుగుట్ట తండా నుంచి సోమ్లి అనే ఆమె తన భర్త ధన్‌సింగ్‌ను నడిపించుకుంటూ వచ్చింది. అతని కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయి ఉంది. హెప్సిబా అరుగు మీద కూర్చోబెట్టి చచ్చిన చర్మం తీయడం మొదలుపెట్టింది. అతను పళ్ళు బిగించి మూలుగుతున్నాడు.

"ఎప్పుడు కాలింది?" అంది హెప్సిబా.

"నిన్న పొద్దుగాల," అంది సోమ్లి.

"నిన్న కాలితే ఇయ్యాల దాకా ఏం జేసిన్రు?"

"నిన్న నవ్విండక్కా. చెయ్యి పొయ్యిల బెట్టి కూసొని నవ్విండు. మాంసం కాలే వాసన నాకొచ్చింది గని ఆయనకు సోయే లేదు. నేను బయటికి గుంజినంక గూడ నవ్విండు. జర సేపైనంక ఏడుసుడు మొదలుబెట్టిండు."

"మస్తు తాగిండా?"

"తాగలే. నా పిల్లల మీద ఒట్టు. కుండ మూత తీసి వాసన జూసిండు. గంతే."

హెప్సిబా చెయ్యి ఆగింది. వేడినీళ్ళు తెస్తున్న సంపూర్ణ గడపలోనే నిలబడిపోయింది. పని మధ్యలో వదిన చెయ్యి ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏం కుండ?" అంది హెప్సిబా.

ధన్‌సింగ్ సిగ్గుపడ్డాడు. భార్య ముందు చెప్పని సంగతి అది. తండావాళ్ళ పని ద్రావకం తీయడం. పాత బొగ్గుగుట్టల కింద వాననీళ్ళు నిలిచి ఎండినచోట పచ్చగా ఉప్పులాగా అన్నభేది పేరుకుంటుంది. దాన్ని మూసిన కుండల్లో కాలిస్తే గొట్టంలోంచి ద్రావకం దిగుతుంది. చుక్క పడితే చర్మం పోతుంది. ఇనుముకు పట్టిన తుప్పును మాత్రం శుభ్రంగా తినేస్తుంది కాబట్టి కమ్మరోళ్ళకు అది కావాలి.

"ద్రావకం నీళ్ళను గుంజుకుంటది గదక్కా," అన్నాడు ధన్‌సింగ్. "మొన్న కాచిన సారా పల్సగైంది. దాంట్ల ఉన్న నీళ్ళను గుంజుకుంటే ఘాటైతదేమోనని జరంత పోసి మల్ల బట్టీ పెట్టిన. దిగింది సారా గాదు. ఇంకేందో. మూత తియ్యంగనే చల్లగ, తియ్యగ వాసన. తల తేలిపోయింది. గంతే నాకెరుక."

"గది ఇంకా ఉందా?"

"ఉందక్కా. పారబోస్తనన్నది ఇది. నేనే వద్దన్న."

హెప్సిబా కట్టు కట్టడం పూర్తిచేసింది. లోపలికి వెళ్ళి చెప్పులు తొడుక్కుని వచ్చింది.

"పోదాం పాండ్రి," అంది.

*

మొదట కోడి. ఆ కుండలో మిగిలిన దానిలో గుడ్డ ముంచి కోడి ముక్కు దగ్గర పెడితే అది కాసేపు కొట్టుకుని మెడ వాల్చేసింది. హెప్సిబా దాని కాలి వేలు కోసింది. కదల్లేదు. కొంతసేపటికి లేచి, తూలుతూ నడిచి, ఏమీ కానట్టు గింజలు ఏరుకుంది. రెండో కోడి లేవలేదు. మూడోది లేచింది గాని రోజంతా ముక్కులోంచి నురగ కార్చింది.

సోమ్లికి కోళ్ళ మీద బాధగా ఉంది. హెప్సిబా ముఖంలో ఏ బాధా లేకపోవడం ఆమెకు ఇంకా బాధగా ఉంది. "ఈమెకు ఏమీ అనిపియ్యదా?" అని సంపూర్ణను చాటుగా అడిగింది.

"వదినకు అనిపిచ్చుడు ఆగిపోయింది," అంది సంపూర్ణ.

ఆ వానాకాలమంతా హెప్సిబా వారంలో సగం రోజులు తండాలోనే గడిపింది. ధన్‌సింగ్ కాల్చేవాడు, ఆమె చూసేది. ద్రావకం ఎక్కువైతే నల్లగా మాడి గొంతు మండే పొగ దిగుతుంది. తక్కువైతే ఉత్త సారా దిగుతుంది. దిగినదాన్ని సున్నపు తేటతో కడిగితే మంట పుట్టించే ఘాటు పోతుందని తెలియడానికి చాలా కుండలు పాడయ్యాయి. మట్టికుండలో పోసి పెడితే తెల్లారేసరికి కుండ ఖాళీ. మూత ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, లోపల చుక్క ఉండదు. కొత్తగూడెం దిబ్బల్లో తవ్వి కరెంటు కాలం సీసాలు తెచ్చారు. మైనంతో బిరడా బిగిస్తే ఆగింది. ధన్‌సింగ్ దానికి నిద్రసారా అని పేరు పెట్టాడు.

అది ఎంత దూరం నుంచైనా మంటను అందుకుంటుందని వాళ్ళకు తెలియదు.

ఒక మధ్యాహ్నం పాకలో బట్టీ ఒక మూల మండుతోంది. ఇంకో మూల హెప్సిబా, సోమ్లి కూర్చుని సీసాలోకి వంచుతున్నారు. నేల మీద నీలం మంట ఒకటి పొయ్యి వైపు నుంచి చప్పుడు లేకుండా పాకుతూ రావడం సోమ్లి చూసింది. అది మంటే అని అర్థమయ్యేలోపు సీసా భగ్గుమంది. ధన్‌సింగ్ ఇద్దరినీ బయటికి లాగాడు. సోమ్లి జుట్టు సగం కాలింది. పాక కూలిపోయింది.

తండా అంతా చేరింది. సోమ్లి హెప్సిబా ఎదురుగా నిలబడింది. "ఇగ వద్దక్కా. నాకు ఇద్దరు పిల్లలు. నా ఇంట్ల ఇది వద్దు."

ఇంకొకరైతే బతిమాలేవాళ్ళేమో. హెప్సిబా తలూపింది. "సరే," అంది. చీరకు అంటిన మసి దులుపుకుని ఇంటిదారి పట్టింది. సంపూర్ణ అడిగితే, "కాలిపోయింది" అని చెప్పి పడుకుంది. ఆ వారం ఇద్దరికి కోతలు చేసింది. నలుగురు పట్టుకున్నారు, బయట పాడారు. మామూలే.

చలి మొదలయ్యాక సోమ్లి ఒక్కతే వచ్చింది. పగలు, సంపూర్ణ చేలోకి వెళ్ళిన సమయం చూసి వచ్చింది. అరుగు మీద కూర్చోకుండా నేరుగా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. రవిక ముడి విప్పి, హెప్సిబా చెయ్యి పట్టుకుని ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. లోపల రేగుపండంత గడ్డ. గట్టిగా, కదలకుండా ఉంది.

"ఎన్నాళ్ళైంది?"

"పాక కాలకముందు నుంచే ఉంది. అప్పుడు సెనగ గింజంత."

"ధన్‌సింగ్‌కు తెల్సా?"

"చెప్పలే. మా యాడి, నన్ను గన్న తల్లి, గిట్లనే పోయింది. పుండై, వాసనొచ్చి. అందుకని కొయ్యమని వచ్చిన. గని అక్కా, నువ్వు కోస్తుంటే నేను జూసిన. మా తమ్మునికి చెయ్యి తీసినప్పుడు నేను గూడ పట్టుకున్న. అట్ల నాతోని కాదు. నిద్రల గొయ్యి."

"నువ్వే వద్దంటివి గదా."

"అవ్, అన్న. ఇప్పుడు కావాలంటున్న."

"లేస్తవో లెవ్వవో చెప్పలేను," అంది హెప్సిబా. "రెండో కోడి లెవ్వలే."

"నువ్వు మెలకువల గోస్తే నేను ఎట్లాగూ లెవ్వను," అంది సోమ్లి.

మంట సమస్యకు దారి చూపింది కూడా ఆమే. పేలాలు వేపినట్టు వేడి ఇసుకలో పెడితే సరిపోదా అంది. మట్టిగోడకు అవతల పొయ్యి పెట్టి, మూకుడులో ఇసుక కాల్చి, ఆ ఇసుకను మోసుకొచ్చి ఇవతల కుండ చుట్టూ పోశారు. ఇసుక చల్లారితే మళ్ళీ మోశారు. గడ్డ సంగతి విన్నప్పటినుంచి ధన్‌సింగ్ బట్టీ దగ్గరనుంచి కదల్లేదు. కాలిన చెయ్యి ఇంకా సరిగా ముడుచుకోని స్థితిలో, ఎడమచేత్తో ఇసుక మోసేవాడు. దిగిన ప్రతి సీసానూ ముందు తన మీదే చూసుకున్నాడు. పడుకునేవాడు. సంపూర్ణ అతని ఊపిరి చూస్తూ కూర్చునేది. హెప్సిబా సూదితో అరికాలు పొడిచేది. లేచాక కక్కుకునేవాడు. మర్నాడు మళ్ళీ పడుకునేవాడు.

*

పగలే చేశారు. దీపం లేదు, పొయ్యి లేదు, రక్తం ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ లేదు. ప్రతి నరాన్నీ ముడేసి ఆపాల్సిందే. ఊళ్ళో ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించొద్దని హెప్సిబా చెప్పించింది. పాట కూడా వద్దని యేసుదానానికి కబురు పంపింది.

సోమ్లి బల్ల మీద పడుకుంది. ధన్‌సింగ్ గుడ్డ తడిపి ఆమె ముక్కు మీద పట్టుకున్నాడు. ఆమె ఒకసారి తల పక్కకు తిప్పుకుంది, అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. తండా మాటల్లో అతనితో ఏదో చెప్పింది. తర్వాత "యాడీ" అంది. చెయ్యి జారిపోయింది.

హెప్సిబా కత్తి ఆనించింది. సోమ్లి కదల్లేదు. గీసింది. కదల్లేదు.

అత్త చెప్పినట్టు చెయ్యి పరుగెత్తింది, అలవాటుగా. రెండు గీతలు పడ్డాక దానంతటదే నెమ్మదించింది. పరుగెత్తే అవసరం లేదు. ఇన్నేళ్ళలో ఆమె మనిషి శరీరాన్ని కోసిందే గాని లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. గడ్డ ఎక్కడిదాకా పాకిందో, దాని వేళ్ళు ఎటు పోయాయో వేలితో తడిమి తెలుసుకుంటూ తీసింది. గదిలో సంపూర్ణ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "ఊపిరుంది... ఊపిరుంది..." ఆమెను ఊపిరి చూస్తూ ఉండమంటే, చూసిన ప్రతిసారీ పైకి చెబుతోంది.

బయట యేసుదానానికి కాలు నిలవలేదు. ఊరికే నిలబడటం ఆయనకు రాదు. కాసేపటికి గొంతెత్తాడు, నలుగురు కలిశారు. పాట ఒక చరణం నడిచింది. లోపల్నుంచి అరుపు రాలేదు. రెండో చరణంలో గొంతులు తగ్గాయి. చివరికి ఆయన ఒక్కడే మిగిలి, ఆయన కూడా ఆపేశాడు. తలుపు సందులోంచి ముఖం పెట్టాడు.

"పోయిందా అమ్మా?"

"లేదు పెద్దయ్యా. పండుకుంది."

ఆయన బల్ల మీదున్న సోమ్లిని చూశాడు, తెరుచుకుని ఉన్న గాయాన్ని చూశాడు. వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

కట్టు కట్టడం పూర్తయిన చాలాసేపటికి సోమ్లి కదిలింది. కక్కుకుంది. నీళ్ళడిగింది. ధన్‌సింగ్ ఏడుస్తూ ఏదో అంటుంటే, "జర పండుకోనియ్యి" అని అటు తిరగబోయి నొప్పికి ఆగిపోయింది.

సంపూర్ణ కత్తులు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. హెప్సిబా చేతులు కడుక్కుంటోంది. సంపూర్ణకు ఏడుపు ఆగలేదు. "ఇది ముందే ఉంటే మా అన్న..." అని అక్కడికే ఆగిపోయింది.

"అవ్," అంది హెప్సిబా.

ఆ ఒక్క మాటే అని చేతులు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. సంపూర్ణ అన్నానికి లేపితే లేవలేదు.

*

సంగతి పాకిపోయింది. తల్లాడ నుంచి, గోదావరి అవతల నుంచి కూడా బండ్లు వచ్చాయి. చాలామంది నిద్రపోయి లేచారు. కొందరు మూడు రోజులు తలనొప్పని తిట్టారు. ఒక ముసలాయన నిద్రలో పాటలు పాడి లేచాక నమ్మలేదు.

బలరాం లేవలేదు. తల్లాడ దగ్గర రైతు అతను. గానుగలో పడి వేళ్ళు నుజ్జయ్యాయి. చిన్న కోత. గుడ్డ వేయగానే గట్టిగా కొట్టుకున్నాడు, తర్వాత కుదురుకున్నాడు. హెప్సిబా రెండో వేలు కుడుతుండగా సంపూర్ణ, "వదినా" అంది. ఊపిరుందని చెప్పలేదు. ఛాతీ మీద నొక్కారు, ముఖం మీద నీళ్ళు కొట్టారు. లాభం లేకపోయింది.

బయటికి వెళ్ళి చెప్పాల్సింది హెప్సిబానే. బలరాం భార్య సరళ అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో అతని కండువా ఉంది. విని కాసేపు అర్థం కానట్టు చూసింది.

"వేళ్ళు గదమ్మా," అంది. "వేళ్ళకు ఎవరన్న పోతరా?"

"నిద్రల ఊపిరి ఆగింది. మేం చూసేసరికే ఆగిపోయింది."

"అరవనియ్యకపోతిరి!" అంది సరళ. "అరుస్తుంటే బతికున్నడని తెల్సేది గద. నోరు మూసి చంపిన్రు." లేచి చెయ్యెత్తి హెప్సిబా చెంప మీద కొట్టింది. ఎవరో పట్టుకోబోతే హెప్సిబా వద్దని చెయ్యి అడ్డంపెట్టింది. సరళ ఇంకోసారి కొట్టింది. తర్వాత కింద కూలబడింది.

బండి వెళ్ళిపోయింది. హెప్సిబా అరుగు మీదే కూర్చుంది. చెంప మండుతోంది. సాయంత్రం దాకా మండుతూనే ఉంది. సంపూర్ణ తడిగుడ్డ తెస్తే తీసుకోలేదు. "ఉండనీ," అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె నిద్రసారా ముట్టలేదు. వచ్చినవాళ్ళను వెనక్కి పంపలేదు, పాత పద్ధతిలోనే చేస్తానంది. ఒక తల్లి కూతురిని తీసుకొచ్చి నిలదీసింది. "మందు పెట్టుకొని పిల్లను ఎందుకు అరిపిస్తవు?" అంది.

హెప్సిబా ఆ పిల్లనే అడిగింది. "బిడ్డా, నిద్రపోతే నొప్పి ఉండదు. గని లెవ్వకపోవచ్చు. అట్ల ఒకాయన లెవ్వలే. ఏది కావాలో నువ్వే చెప్పు." పిల్ల తల్లి వైపు చూసి, నిద్రే అంది.

అప్పటినుంచి అదే పద్ధతి. ముందు బలరాం సంగతి చెప్పేది, పేరుతో సహా. తర్వాత అడిగేది. గుడ్డ మీద ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెంగా తడిపేవాళ్ళు. మణికట్టు మీద ఒకరు, ఛాతీ మీద ఒకరు చెయ్యి వేసి ఉంచేవాళ్ళు. కోసే మనిషికన్నా ఊపిరి చూసే మనిషిదే పెద్ద పని అని హెప్సిబా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పేది. భద్రాచలం వైపు నుంచి ఇద్దరు, సత్తుపల్లి వైపు నుంచి ఒకామె వచ్చి నేర్చుకుపోయారు. వాళ్ళ ఊళ్ళలోనూ కొన్ని పాకలు తగలబడ్డాయి, కొందరు లేవలేదు. ఎక్కువమంది లేచారు.

సోమ్లి కొన్నేళ్ళు బాగుంది. పెద్దకొడుకు పెళ్ళి చేసింది. ఒక ఎండాకాలం చర్చిగూడెం వచ్చి చంక చూపించింది. అక్కడ గడ్డలు వరసగా ఉన్నాయి. హెప్సిబా తడిమి చూసి చెయ్యి తీసేసింది.

"మల్ల కొయ్యాలె?" అంది సోమ్లి.

"లాభం లేదు చెల్లె. లోపలికి పోయింది."

సోమ్లి కొంగు సర్దుకుంది. "నొప్పి ఎక్కువైతే అదన్న ఇస్తవా?"

"ఇస్త."

హెప్సిబా బట్టల మూటతో తండాకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వంట పొయ్యిలన్నీ దూరంగా జరిపించారు. సోమ్లిని పందిరి కింద గాలి తగిలేచోట పడుకోబెట్టారు. నొప్పి లేచినప్పుడు గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి దూరంగా పట్టుకునేవాళ్ళు, పూర్తిగా నిద్ర పట్టకుండా, నొప్పి మాత్రం వెనక్కి తగ్గేట్టు. ఆ మత్తులో సోమ్లి చాలా మాట్లాడేది. చిన్నప్పటి సంగతులు, తల్లి సంగతులు. ధన్‌సింగ్ వింటూ కూర్చునేవాడు. అర్థం కాని మాటలను అతను హెప్సిబాకు తెలుగులో చెప్పేవాడు. ఆమె వినేది.

ఒక పొద్దున ఎండ పందిరి మీదికి రాకముందే సోమ్లి ఊపిరి ఆగింది. తన చెయ్యి ఆమె ఛాతీ మీదే ఉంది కాబట్టి హెప్సిబాకు వెంటనే తెలిసింది. ధన్‌సింగ్‌తో చెప్పింది. అతను కదలకుండా అలాగే కూర్చున్నాడు. తండా ఆడవాళ్ళు వచ్చారు. శోకాలు మొదలయ్యాయి. ఎవరో పిల్లల కోసం చేలోకి పరుగెత్తారు.

దొడ్లో మేకలు అరవడం మొదలుపెట్టాయి. రోజూ ఆ వేళకు సోమ్లి పాలు పితికేది. మంచాన పడ్డాక ధన్‌సింగ్ పితుకుతున్నాడు. పొదుగులు నిండి, అవి గోడకు కొమ్ములు రాస్తూ అరుస్తున్నాయి. ఎవరికీ పట్టలేదు. హెప్సిబా కాసేపు వింది. లేచి చెంబు తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

ఆమె ఎన్నడూ మేక పాలు పితకలేదు. మొదటి మేక కాలు విసిరింది, చెంబు దొర్లింది. రెండోసారి గోడకు అదిమిపట్టి కూర్చుంది. ఒక ధార నేల మీద పడింది, ఇంకోటి మోకాలి మీద, తర్వాత చెంబులో పడటం మొదలైంది. రెండో మేక దగ్గర చెయ్యి కొంచెం కుదిరింది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చెంబు సరిగా కనబడలేదు. చేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతికున్న పాలు ముఖమంతా అంటాయి. మళ్ళీ తుడుచుకుంది, కళ్ళు మళ్ళీ నిండాయి. మేక కాలు విదిలించబోయింది. హెప్సిబా ఒక చేత్తో దాని కాలు పట్టుకుని, రెండో చేత్తో పితుకుతూనే ఉంది.